సూర్యుడు వెనకుండే మలుపు

ప్రాతో,
మే నెల

తమ్ముడు స్పార్తాకోకి,

నువ్వు పంపిన రంగుల కరపత్రం అందింది. "సంధ్యవేళ ఇటలీ ద్రాక్షకొండల్లో స్కూటర్ విహారం" అని పైన బంగారు అక్షరాలు. కింద నువ్వు. నాన్న గడ్డి టోపీ పెట్టుకుని, నాన్న జన్మలో తొడగని ఎర్ర వాస్కోటు తొడుక్కుని, పచ్చ స్కూటరు మీద ఒక కాలు వేసి నవ్వుతున్నావు. ఆ టోపీ అమ్మ నీకిచ్చింది నెత్తిన ఎండ తగలకుండా. ఫొటోల కోసం కాదు.

ఫోన్ చేసి తిట్టేదాన్నే. కానీ ఈస్టర్ నాడు ఫోన్లో ఇద్దరం అరుచుకుని, ఎవరు ముందు పెట్టేశారో కూడా తెలియకుండా పెట్టేశాం. "ఇకమీదట చెప్పాలనుకున్నది కాగితం మీద రాయక్కా, మధ్యలో ఊపిరైనా తీసుకుంటావు" అన్నావు. సరే, రాస్తున్నాను.

కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "పాతకాలపు రైతు జీవితంలోని ప్రశాంతతను రుచి చూడండి." ఎవడు రాశాడు నాయనా ఇది? వాల్సెక్కా ఎస్టేటులో నాన్న సగపాలు రైతు. పండిన ద్రాక్షలో సగం దొరది, నూనెలో సగం దొరది, చివరికి కోడి పెట్టిన గుడ్లలోనూ దొరకు వాటా. దొర ఎదురుపడితే నాన్న టోపీ తీసేవాడు. నువ్వు ఫొటోకి పెట్టుకున్నది ఆ టోపీయే.

నాయనమ్మ సంగతి మరిచిపోయావా? కోత అయిపోయాక ఆకుల చాటున మిగిలిపోయిన పిల్లగుత్తులు ఊళ్లోవాళ్లవి. పరిగె. ఎస్టేటు గంట కొట్టాక ఎవరైనా వచ్చి ఏరుకోవచ్చు. ఆ గుత్తులతోనే అమ్మ ద్రాక్ష రొట్టె కాల్చేది, పండక్కి తీపి వైన్ పెట్టేది. ఒక ఏడు నాయనమ్మ గంటకి ముందే తోటలో అడుగుపెట్టిందని కాపలావాడు నలుగురి మధ్య ఆమె ఒడి దులిపించాడు. ఆమె చచ్చేదాకా ఆ గంట మోగితే చెవులు మూసుకునేది. ఇదీ ప్రశాంతత. నీ విహారంలో ఈ కథ ఏ మలుపు దగ్గర చెబుతున్నావు?

కొండ అందంగా ఉందంటే నాకేం కోపం లేదు. అందమైన కొండ అది. దాన్ని అలా చెక్కింది ఎవరి నడుములో చెప్పకుండా, గ్లాసులో పోసి అమ్మితేనే ఒళ్లు మండుతుంది.

మరదలు గ్రాత్సియెల్లాని అడిగానని చెప్పు.

మీ అక్క,
ఓర్నెల్లా


పోద్జో సెక్కో,
జూన్ నెల

అక్కా,

ఊపిరి తీసుకుని రాశానన్నావు. చదివేటప్పుడు నాకే ఆడలేదు.

నాన్న పెట్టిన పేరు మోసుకుని తిరుగుతున్నాను కదా, అందుకు నేను రోజూ తిరుగుబాటు చెయ్యాలని నీ కోరిక. బానిసల నాయకుడి పేరు! టూరిస్టులకి చెబితే పడీ పడీ నవ్వుతారు. "మరి మీరు మమ్మల్ని ఎక్కడికి నడిపిస్తున్నారు స్పార్తాకో?" అని అడుగుతారు. "వైన్ దగ్గరికి" అంటాను. ఆ నవ్వుతోనే మా ఇల్లు గడుస్తోంది. పెంకుల బట్టీ మూసేశాక ఈ వయసులో నాకు పని ఎవడిస్తాడు? నీ యూనియన్ ఇస్తుందా? బట్టీ మూసిన రోజున వచ్చి బ్రహ్మాండమైన ఉపన్యాసం ఇచ్చి వెళ్లారు మీవాళ్లు. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి పడుకున్నాను.

ఇంతకీ నా పని ఏమిటో నీకు తెలియదు. విను. ముందు నేను, నా వెనక ఆరేడు స్కూటర్లు, బాతు వెనక పిల్లల్లాగ. నూనె గానుగ దాటి, చర్చి దిగువన తిరిగి, వాల్సెక్కా మలుపు దగ్గర ఆపుతాను. ఆ చోటు నేను కనిపెట్టింది. మిగతా గైడ్లు పైన గుట్ట మీద ఆపుతారు. అక్కడ పొద్దు కళ్లలో కొడుతుంది, ఫొటోలో మొహాలన్నీ నల్లగా పడతాయి. నా మలుపు దగ్గర సూర్యుడు సరిగ్గా వీపు మీద ఉంటాడు. ఎదురుగా తోటంతా వెలిగిపోతుంది. ఆ వెలుగులో గుత్తులే కాదు, గుత్తిలో గింజలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. "స్వర్గం!" అంటారు. నేనేం చెయ్యను, స్వర్గం కాదు మా నాన్న చెమట అని గొడవ పెట్టుకోనా?

నాన్న గురించి చెబుతున్నాను లేవే. కోతల రోజుల్లో మధ్యాహ్నం రొట్టె తిని, తీగల కింద టోపీ మొహాన వేసుకుని తీసే కునుకు లేదూ, అది వాళ్లకి మహా ఇష్టం. ఏ కోత కూలీయో అలా పడుకుని కనిపిస్తే చూపిస్తాను, ఫొటో తీసుకుంటారు. ఎవరి సొమ్మేం పోయింది?

నాయనమ్మ పరిగె కథ కూడా చెబుతాను. కాకపోతే నా కథలో ఆమె కాపలావాడి చెంప పగలగొడుతుంది. నీకు నచ్చేలాగే మార్చాను చూడు.

గ్రాత్సియెల్లా బాగుంది. ఎస్టేటు సెల్లార్లో వచ్చినవాళ్లకి వైన్ రుచి చూపించే పని పర్మనెంట్ అయింది. నువ్వు తిట్టకు.

ఒకసారి రా. వెనక సీటు ఖాళీగానే ఉంటుంది.

స్పార్తాకో


ప్రాతో,
సెప్టెంబరు చివర

స్పార్తాకో,

ఈసారి పోట్లాటకి రాయడం లేదు. అడగడానికి రాస్తున్నాను.

నిన్న యూనియన్ గదికి ఒక కుర్రవాడు వచ్చాడు. కుర్రవాడంటే ముప్పై దాటినవాడే. పేరు బూబా, గాంబియా దేశస్థుడు, ఇక్కడ అద్దకం మిల్లులో పని. కూర్చోమన్నాను. "కూర్చుంటే ఏడుపొస్తుంది మేడమ్, నిలబడే చెబుతా" అన్నాడు. వాళ్ల పెదనాన్న కొడుకు ఎబ్రిమా. కోతలకని ఒక మేస్త్రీ వ్యానెక్కించి మీ వైపు తీసుకుపోయాడు. పోయినవారం ఆ మండుటెండల్లో చచ్చిపోయాడు. తెల్లారి వాల్సెక్కా తోటలో శవం దొరికింది.

మేస్త్రీ అంటాడూ, ఈ మనిషెవరో నాకు తెలియదని. తోటి కూలీలని ఆ వారమే వ్యానుతో సహా దక్షిణాదికి తరలించేశాడు. కాగితాలు లేనివాళ్లు, ఎక్కడని వెతుకుతాం? ఇక ఎస్టేటు వాళ్ల జవాబు విను. దీన్ని నేను మూడుసార్లు చదివి, లేచి కిటికీ తెరుచుకోవలసి వచ్చింది. "ఆ మడిలో కోత అంతకు ముందే ముగిసింది. అతను మా కూలీ కాడు. స్థానిక ఆచారం ప్రకారం పరిగె ఏరుకోవడానికి అనుమతి లేకుండా ప్రవేశించి ఉంటాడు."

స్థానిక ఆచారమట! నాయనమ్మ ఒడి దులిపించినవాళ్లు ఇవాళ పరిగెని సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఆకలిగొన్నవాళ్లు తమకోసం పోట్లాడి దక్కించుకున్న ఒకే ఒక్క హక్కు అది. దాన్ని శవం మీద కప్పారు.

బూబా నన్నడిగాడు: "మేడమ్, పరిగె అంటే ఏంటి? వదినకి ఫోన్లో చెప్పాలి. దొంగతనమా?"

"కాదు బాబూ" అన్నాను.

"మరి పర్మిషన్ లేకుండా అంటున్నారుగా. మా ఊళ్లో అప్పుడే అనేస్తున్నారు, ఎబ్రిమా దొంగతనానికి పోయి చచ్చాడని. వాడు మసీదులో చెప్పులు మారిపోతే వెనక్కెళ్లి ఇచ్చొచ్చే రకం మేడమ్."

కేసంతా ఒక్క చోట ఆగి ఉంది. ఆ రోజు ఆ మడిలో కోత నడుస్తోందా, లేదా? నడుస్తోంటే అతను కూలీ, ఎస్టేటూ మేస్త్రీ జవాబు చెప్పుకోవాలి. లేకపోతే అతను దొంగ. నువ్వు రోజూ ఆ దారిన పోతావు. ఏమైనా చూశావా?

ఓర్నెల్లా


పోద్జో సెక్కో,
అక్టోబరు

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఒక స్కూటరు బ్రేకు పాడైంది, ఇంకోదాని అద్దం ఒక ఆస్ట్రేలియా పిల్ల గోడకి రాసి విరగ్గొట్టింది. పైగా ఈసారి వానలు కూడా సరిగా లేవు. పుట్టగొడుగులు మొలవలేదు. గ్రాత్సియెల్లా నీకని రెండు సీసాలు కొత్త నూనె తీసి పెట్టింది.

ఆ మనిషి సంగతి ఊళ్లో అనుకుంటున్నారు. పాపం. కానీ నేను దారి చూసుకుంటూ పోయేవాణ్ణి. వెనక ఆరుగురు టూరిస్టులు, ఇద్దరికి స్కూటరే రాదు. ఎవరు పడతారో అని నా ప్రాణమంతా అద్దంలోనే ఉంటుంది. తోటలో ఎవరున్నారో ఎవరు లేరో నాకెలా తెలుస్తుంది? రోడ్డు పక్కన పడి ఉంటే చూసేవాణ్ణి కాదా? మూడో సాల్లో, ఆకుల కింద ఉన్న మనిషిని ఎవరు చూస్తారు చెప్పు.

నన్ను దీంట్లోకి లాగకు. నీకు కేసులు అలవాటు. గెలిచినా ఓడినా ఇంటికెళ్లి వ్యాసం రాస్తావు. మేం ఇక్కడే బతకాలి. ఎస్టేటు మేనేజరు బెల్లాండి ఆదివారం ఆదివారం చర్చి ముందు నాకు చెయ్యిస్తాడు.

స్పార్తాకో


ప్రాతో,
అక్టోబరు

స్పార్తాకో,

మూడో సాలు.

పత్రికలో లేదు. ఎస్టేటు జవాబులో లేదు. బూబాకి తెలియదు. నేను నీకు రాయలేదు.

నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు వాతావరణం గురించి మాట్లాడతావు. పుట్టగొడుగుల గురించి అడిగానా నిన్ను?

రాయి.

ఓర్నెల్లా


పోద్జో సెక్కో,
నవంబరు

అక్కా,

గ్రాత్సియెల్లా నిద్రపోయాక వంటింట్లో కూర్చుని రాస్తానేమో అనుకున్నాను. కాదు. పట్టపగలు, చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఇది రాయలేను.

ఆ రోజు అందరూ హాలండ్ వాళ్లు. మలుపు దగ్గర ఆపాను. ఎప్పటిలాగే సూర్యుడు వెనక. తోట వెలిగిపోతోంది. మూడో సాల్లో ఒకతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహం మీద టోపీ. ఎవరో జాగ్రత్తగా పెట్టి వెళ్లినట్టుంది. పొడుగు మనిషి, కాళ్లు సాలు బయటికి వచ్చేశాయి.

ఒక పెద్దావిడ అడిగింది: "ఏమండీ, అతనికి ఒంట్లో బాగానే ఉందా?"

నేను నవ్వాను. "ఇదేనమ్మా నేను దారి పొడుగునా చెబుతున్నది! కోతల కునుకు. మా నాన్న అచ్చం ఇలాగే. లేపారో, బూతులే బూతులు!"

అందరూ నవ్వారు. "ష్ ష్" అని వేళ్లు పెదాల మీద పెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు. ఒకాయనైతే మునివేళ్ల మీద నడిచాడు, అతని నిద్ర చెడకూడదని.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "చెయ్యి చూడండి" అంది.

చూశానక్కా. ఎడమ చెయ్యి మట్టిలో, అరచెయ్యి పైకి. దాన్నిండా చీమలు. రసం అంటిన చెయ్యి కదా, బారులు తీరి వేళ్ల సందుల్లోంచి పోతున్నాయి. నిద్రపోయేవాడు చీమ కుడితే దులుపుకుంటాడు. నాన్న నిద్రలోనే దులుపుకునేవాడు.

"తీపి చేతులమ్మా మావి!" అన్నాను. మళ్లీ నవ్వారు. "పదండి పదండి, గానుగ దగ్గర రొట్టె చల్లారిపోతోంది" అని స్కూటర్లు స్టార్ట్ చేయించాను.

నాకు ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. రోజూ ఏదో ఒకటి అని నవ్వించే నోరు. దానంతట అదే అనేసింది. గానుగ దగ్గర రొట్టె మీద నూనె పోస్తూ అనుకున్నాను, తిరుగుదారిలో ఒక్కసారి దిగి చూద్దామని. తిరుగుదారిలో చీకటి పడింది. ఎవరో ఒకరు లేపే ఉంటారనుకున్నాను.

నీకు కావలసింది కూడా చెబుతాను. అతని తల మీద గుత్తులు నిండుగా వేలాడుతున్నాయి. కోత సగం సాలు దాకా వచ్చి అతని దగ్గర ఆగింది. ఎర్రపిడి కత్తెర పక్కనే పడి ఉంది, ఎస్టేటు కూలీలకి ఇచ్చేది. పరిగెకి వచ్చేవాడు ఖాళీ తీగలకి వస్తాడు గాని నిండు తీగల కిందికి రాడు. మర్నాడు పొద్దున్నకల్లా ఆ మడి అంతా కోసేశారు.

ఇది నీకు చెప్పాను. మేజిస్ట్రేటుకి కాదు. అప్పటికి అతను బతికి ఉన్నాడో లేదో నాకు తెలియదు. డాక్టరు రిపోర్టులో ఏముందో నాకు చెప్పకు.

స్పార్తాకో


ప్రాతో,
నవంబరు

తమ్ముడూ,

చెప్పొద్దన్నావు. చెప్పను. చెప్పకపోవడమే ఒక జవాబని నీకు అర్థమయ్యే ఉంటుంది.

నీ ఉత్తరం ఎవరికీ చూపించను. చూపిస్తే నిన్ను దొంగచాటుగా పట్టించినట్టవుతుంది. దొంగచాటు పనులు వాళ్లవి. ఇది నీ నోటితోనే బయటికి రావాలి. చూసినది నువ్వు, మాట్లాడగలిగినది నువ్వు. మిగతా కళ్లన్నీ వ్యానెక్కో, ఫొటోలతో సహా విమానమెక్కో పోయాయి.

నువ్వు చెడ్డవాడివి కావు, అది నాకు తెలుసు. అదే నాకు భయం. చెడ్డవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లు శవాల మీద కాగితాలు రాస్తారు. ఆ కాగితాలు చెల్లుబాటయ్యేది నీలాంటి మంచివాళ్లు రొట్టె చల్లారిపోతోందని ముందుకి సాగిపోవడం వల్ల. మనిషి పడిపోయి ఉంటే నీకు మనిషి కనిపించలేదు, నాన్న కనిపించాడు. ఎందుకు? ఆ తోటలో కష్టాన్ని కునుకు కింద మార్చి, అవమానాన్ని చెంపదెబ్బ కింద మార్చి, రోజూ సాయంత్రం చెప్పి చెప్పి చివరికి నువ్వే నమ్మావు. ఎవరి నాన్ననో చూపించి ఎవడో అన్న మాట కాదిది. మన నాన్నని చూపించి నువ్వన్న మాట.

బూబా మళ్లీ వచ్చాడు. వాళ్ల వదిన, ఎబ్రిమా భార్య ఇసతూ, ఫోన్లో ఒక్కటే అడిగిందట: "పిల్లలకి ఏమని చెప్పను?" ఏమని చెప్పాలో నీ దగ్గర ఉంది.

మేజిస్ట్రేటు వచ్చే నెల ఊళ్లోవాళ్లని పిలుస్తాడు. వెళ్లు. చూసినది చూసినట్టు చెప్పు. అంతకంటే ఏమీ అడగడం లేదు.

అక్క


పోద్జో సెక్కో,
డిసెంబరు

అక్కా,

వెళ్లాను.

"ఆ సాయంత్రం ఆ దారిన పోయారా?" పోయానన్నాను. "మనిషిని చూశారా?" ఎవరో పడుకున్నట్టనిపించిందన్నాను. "తీగలకి గుత్తులున్నాయా?"

పొద్దు కళ్లలో కొట్టిందండీ, చూడలేదు అన్నాను.

ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు. బయటికొస్తే మెట్ల దగ్గర మీ బూబా నిలబడి ఉన్నాడు. అతనే అయ్యుండాలి. "థాంక్యూ సార్" అన్నాడు నాతో. నేనేం చెప్పానో అతనికి తెలియదు.

బెల్లాండి నన్నేమీ బెదిరించలేదు. బెదిరిస్తే బాగుండేది, నాకూ కోపం వచ్చేది. గ్రాత్సియెల్లా చేతికి క్రిస్మస్ బుట్ట ఇచ్చి, "మీ ఆయన మా ఇంటి మనిషి" అన్నాడంతే. ఆమె బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరం దాన్ని విప్పలేదు. అలాగని పారెయ్యనూ లేదు.

ఇకనుంచి రాయకు.

స్పార్తాకో


ప్రాతో,
ఏప్రిల్

స్పార్తాకో,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీ విహారానికి డబ్బు కట్టి వచ్చిన టూరిస్టుని, నా అభిప్రాయం రాసే హక్కు నాకుంది.

శనివారం వచ్చాను. అమ్మ పుట్టింటి పేరుతో సీటు తీసుకున్నాను. నల్ల అద్దం హెల్మెట్టు, మెడకి రుమాలు, ఒక నార్వే ఆయన స్కూటరు వెనక సీటు. నువ్వు నన్ను గుర్తుపట్టలేదు. నా గడ్డం కింద బకిలు కూడా నువ్వే బిగించావు. "గట్టిగా ఉందా సిన్యోరా?" అన్నావు. తలూపాను.

ఎందుకొచ్చానో తెలుసా? నువ్వు నాకు అబద్ధం చెప్పావేమోనన్న ఆశతో. జూన్‌లో నీ మలుపు గురించి గొప్పలు పోయావు, సూర్యుడు వీపు మీద ఉంటాడని. అది ఊరికే గొప్పలైతే, నిజంగానే పొద్దు కళ్లలో కొట్టేదైతే, నువ్వు మేజిస్ట్రేటుకి నిజం చెప్పినట్టు. అక్కకి అబద్ధం చెప్పిన తమ్ముడితో నేను బతకగలను. దారి పొడుగునా అదే కోరుకున్నాను. దేవుణ్ణి నమ్మనిదాన్ని, ఎవరిని కోరుకున్నానో నాకే తెలియదు.

మలుపు వచ్చింది. ఇంజన్లు ఆపించావు. వీపు వెచ్చబడింది. నా నీడ నాకంటే ముందు తోటలోకి పోయి పడింది. దాని తల సరిగ్గా మూడో సాలు మీద. ఏప్రిల్లో సూర్యుడు దిగే చోటూ సెప్టెంబరులో దిగే చోటూ దాదాపు ఒకటేనని రైతు బిడ్డవి, నీకు వేరే చెప్పాలా? ఇప్పుడే చిగురేస్తున్న తీగలు. అంత దూరం నుంచి ఒక్కో చిగురూ నాకు కనిపించింది. నాకు, ఈ కళ్లద్దాలతో.

అప్పుడు నువ్వు టోపీ తీశావు. కునుకు కథ చెబుతావనుకున్నాను. "ఇక్కడ ఒక మనిషి చచ్చిపోయాడు" అన్నావు. ఎబ్రిమా పేరు చెప్పావు. టోపీ, చీమలు, నిండు గుత్తులు, ఎర్రపిడి కత్తెర, నువ్వన్న మాట, ఒక్కటీ వదలకుండా చెప్పావు. అది నటన కాదు, నాకు తెలుసు. నార్వే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. చివరికి వాళ్లు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు, స్పార్తాకో! ఆ మనిషి చావు నీ విహారంలో ఇంకో మజిలీ అయింది. గానుగకీ చర్చికీ మధ్య. రేపు విమానమెక్కి పోయేవాళ్లకి, ఏ కోర్టూ పిలవని వాళ్లకి, తిరిగి నిన్నొక్క మాట అడగనివాళ్లకి నువ్వు రోజూ నిజం చెబుతున్నావు. రాసుకోవడానికి కలం పట్టుకుని కూర్చున్న ఒకే ఒక్క మనిషికి మాత్రం అబద్ధం చెప్పావు. కన్నీళ్లు తెప్పించే నిజంతో ఎస్టేటుకి నష్టమేమీ లేదు. వచ్చే ఏడాది బెల్లాండియే దాన్ని కరపత్రంలో వేయిస్తాడు, చూస్తూ ఉండు.

ఫైలు వేసవి సెలవులకి ముందే మూసేస్తారు. మూసేదాకా చెప్పిన మాట దిద్దుకోవచ్చు. మా లాయరు మేజిస్ట్రేటుని ఒకటే అడగబోతోంది: అయ్యా, ఒక సాయంత్రం ఆ మలుపు దగ్గరికి వచ్చి నిలబడండి, పొద్దు ఎవరి కళ్లలో పడుతుందో మీరే చూడండి. నువ్వు ఉన్నా లేకపోయినా ఆయన వస్తాడు. వచ్చినప్పుడు నువ్వు సాక్షివా, అబద్ధం చెప్పి దొరికిపోయినవాడివా, అది నీ చేతిలో ఉంది. నీ అక్కని కాబట్టి ముందే చెబుతున్నాను. అక్కని కాబట్టి ఆపను.

ఓర్నెల్లా


పోద్జో సెక్కో,
మే నెల

అక్కా,

గుర్తుపట్టాను. బకిలు బిగించేటప్పుడే. నీ గడ్డం కింద మచ్చ మరిచిపోతానా, చిన్నప్పుడు నేను విసిరిన రాయిది.

ఉత్తరంలో అన్నీ రాశావు. నీడ రాశావు, చిగుర్లు రాశావు, నార్వే ఆయన కన్నీళ్లు కూడా రాశావు. ఒక్కటి వదిలేశావు. "వాళ్లు" చప్పట్లు కొట్టారని రాశావు.

నువ్వూ కొట్టావక్కా.

నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. ముందు చేతితొడుగులు తీశావు, ఒకదాని తర్వాత ఒకటి. తీసి కొట్టావు. పక్కవాళ్లందరూ కొడుతున్నారని కొట్టావో, దొరికిపోతానని కొట్టావో నాకు తెలియదు. దెప్పడానికి చెప్పడం లేదు. అది ఎలా జరిగిపోతుందో నాకు బాగా తెలుసు. చేతులు వాటంతటవే కొట్టేస్తాయి, నా నోరు అనేసినట్టే.

సీజను మొదలైన రోజునుంచీ ఈ కథ చెబుతున్నాను. ఎందుకు మొదలుపెట్టానంటే, పడుకున్న మనిషిని చూపించే చోట ఇక నవ్వించలేకపోయాను. ఏదో ఒకటి చెప్పాలి కదా, అక్కడ ఆపాక. చెప్పిన ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ఎవరో ఒకరు హెల్మెట్టు తీసి "తర్వాత నువ్వేం చేశావు?" అని అడుగుతారని. ఒక్కరు అడిగినా ఆ సాయంత్రమే స్కూటరు తిప్పి ఫ్లోరెన్సు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లేవాణ్ణి. కొండ దిగేదాకా ఎదురుచూసేవాణ్ణి. అందరూ చప్పట్లే కొట్టారు. శనివారం నిన్ను చూడగానే, ఇవాళ అడుగుతుంది, దీనికోసమే ప్రాతో నుంచి వచ్చింది అనుకున్నాను. అందుకే ఒక్కటీ వదలకుండా చెప్పాను. నువ్వు తొడుగులు తీస్తుంటే హెల్మెట్టు తీయడానికే అనుకున్నాను.

సరే. ఇప్పుడు విను. గ్రాత్సియెల్లాకి చెప్పాను. క్రిస్మస్ బుట్ట అటకెక్కించింది, విప్పకుండానే. నిన్న దించి తీసుకెళ్లి బెల్లాండి బల్ల మీద పెట్టి వచ్చింది. ఆమె ఉద్యోగం పోయింది. నాదీ పోతుంది, ఎస్టేటు తలుపులు మూసుకున్న గైడుని ఎవరు పెట్టుకుంటారు? ఊళ్లో పేకాట బల్ల దగ్గర అప్పుడే నా కుర్చీ తీసేశారు. ఎబ్రిమాకి ఇదేమీ లెక్కలోకి రాదు. ఆ సాయంత్రం దిగి రెండు సాళ్లు దాటి ఉంటే వచ్చేది.

మేజిస్ట్రేటుని రమ్మను. ఆయన స్కూటరెక్కనంటే కార్లోనే రమ్మను, పొద్దు దిగే వేళకి. నేను మలుపు దగ్గర ఉంటాను, ఎర్ర వాస్కోటు లేకుండా. టోపీ ఉంటుంది, చేతిలో.

నువ్వు రావాలంటే రా, నీ ఇష్టం. బూబాని మాత్రం తీసుకురా. ముందు వరసలో నిలబెట్టు.

అతను చప్పట్లు కొట్టడు.

స్పార్తాకో